రెండో కాలు

అయినా ఈ బూట్లు కుట్టినవాడు మనిషి కాలు ఎప్పుడైనా చూశాడా అని, కుడితిని ఊరి దగ్గర విప్పి నీళ్లబల్ల కింద వదిలేసి వచ్చిన బూట్ల మీదికే మళ్లీ మళ్లీ పోతోంది ఝాన్సీలక్ష్మి మనసు, పాస్టరమ్మగారి అబ్బాయివి, అరువు బూట్లు, మడమల్ని కొరుక్కు తిన్నాయి, ఇప్పుడు ఒట్టి కాళ్లు, తారు పెనంలా కాలుతోంది, అయినా ప్రాణానికి హాయిగానే ఉంది, చిన్నప్పుడు కంప్లి కాలవగట్టు మీద నీళ్లతో పోటీపడి పరుగెత్తిన కాళ్లు కదా ఇవి, బళ్లో ఏ పిల్లా తనని దాటింది లేదు, నలభయ్యో ఏడు మీద పడుతుంటే మళ్లీ ఇదిగో పందెం, బళ్లారి నుంచి కూరెకుప్ప దాకా, గని కంపెనీ వాళ్ల పందెం, ఏడాది పొడుగునా జనం నోట్లో దుమ్ము కొట్టి ఒక్క రోజు పసుపుపచ్చ బనీన్లు పంచి ఆరోగ్యం కోసం పరుగెత్తండి అన్నారు మహానుభావులు, ఆ పుణ్యాన ఖనిజం లారీలన్నీ సాయంత్రం దాకా రోడ్డు పక్కన టార్పాలిన్లు కప్పుకుని నిద్రపోతున్నాయి, చైనావాడు రాయి కొంటున్నంత కాలం వీటికి దొరికే నిద్ర ఇంతే, ఎంత నిశ్శబ్దం, ఈ రోడ్డుకి ఇంత నిశ్శబ్దం ఉందని ఎవరనుకున్నారు, ఎర్రదుమ్ము అంటిన చేత్తోనే నుదురు తుడుచుకుంది, మొహమంతా ఎర్రబడి ఉంటుంది, పోనీలే, చూసేవాళ్లెవరు, ముందు పోయినవాళ్లు ఎప్పుడో పోయారు, వెనక మిగిలింది జీపొక్కటే.

జీపు చప్పుడేనా అది, కాదు, తన గుండె, పందెంలో అందరి వెనకా మెల్లగా వచ్చే ఆఖరి జీపు అది, ఎవర్ని దాటితే వాళ్లు ఓడినట్టే, నోరు మూసుకుని ఎక్కి కూర్చోవాలి, దాన్ని తోలేది చక్రధర్, తాతలనాటి పొలాలు ఒక చేత, కొత్త లారీలు ఒక చేత పట్టుకున్న మనిషి, నోరూ పెద్దదే చెయ్యీ పెద్దదే, చర్చి వాళ్ల ఒరిస్సా ప్రయాణానికి చందా ఇవ్వప్పా అని వెళితే టీకొట్టు ముందు పదిమందీ వింటుండగా అననే అన్నాడు, ఏందక్కా, ఊరికే అడిగితే ఎట్ల ఇస్తారు, నువ్వు బాగా ఉరుకుతావంట కదా, నీ కాళ్ల మీద నువ్వు కూరెకుప్ప చేరు, మీ చర్చోళ్లందరి రైలు ఖర్చు నాది, నా జీపెక్కితివా, పైసా రాదు సూడు మళ్లా, అని, జనం గొల్లుమన్నారు, తను మాత్రం సరేనప్పా అనేసి వచ్చింది, నిజం చెప్పొద్దూ, లోపల సంతోషమే వేసింది, ఊరికే ఇస్తే ఆ డబ్బు అరచేతిలో నిప్పులా ఉండేది, ఇప్పుడు చెమటోడ్చి తెచ్చుకుంటోంది, ఎవరికీ తలవంచక్కర్లేదు, నాన్న ఉంటే మెచ్చుకునేవాడు, గొంతు ఎండిపోతోంది, ఇంకో నీళ్లబల్ల ఉందన్నారు, ఎక్కడా కనిపించదేం.

ఎండ రోడ్డు మీద నీళ్లలా కదులుతోంది, కళ్లు సగం మూస్తే ఆ నీళ్లలో కొండలు తేలుతున్నాయి, తను ఎన్నడూ చూడని ఒరిస్సా కొండలు, ఆకుపచ్చగా, పొగమంచుగా, దుమ్మన్నది పుట్టని చోటు, అక్కడ ఏదో గుడిసె ముందు పిల్లలు వరసగా బల్ల మీద కూర్చున్నారు, తను మోకాళ్ల మీద వంగి చెంబుతో నీళ్లు పోస్తోంది, చిన్నచిన్న కాళ్లు, వేళ్ల సందుల్లోంచి మట్టి కరిగి పోతోంది, సువార్త చెప్పకముందు కాళ్లు కడగాలి అన్నారు పాస్టరుగారు, ప్రభువు శిష్యులకి కడిగినట్టు, బేసిన్లు కొన్నారు, తువ్వాళ్లు కొన్నారు, మిగిలింది రైలు టిక్కెట్లే, అవి ఇప్పుడు తన కాళ్లలో ఉన్నాయి, వెళ్లాలి, ఎలాగైనా వెళ్లాలి, పుట్టి బుద్ధెరిగాక ఒక్క కోరిక కోరుకుంది, ఎవరికైనా ఏదైనా ఇచ్చే మనిషి కావాలని, కానీ ఆ గురువారం, అబ్బా, అది ఇప్పుడెందుకు గుర్తు రావాలి, గుడ్ ఫ్రైడే ముందటి గురువారం, చర్చిలో పాస్టరుగారు బేసిను పట్టుకుని ఒక్కొక్కరి కాళ్లూ కడుగుతూ వరస వెంట వస్తున్నారు, పక్కామె అయిపోయింది, ఇక తనే, చీర కుచ్చెళ్ల కింద కాళ్లు దాచుకుంది, నాట్ల బురదలో నాని పాచిన వేళ్లు, పగుళ్లు బారిన మడమలు, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయానండీ అని గబుక్కున లేచి వచ్చేసింది, నీ పాలు ఇంకా పొంగలేదా ఝాన్సీ అని ఇప్పటికీ ఏడిపిస్తారు, కడగడానికి కొండలు దాటి పోతానంటావు, కడిగించుకోవడానికి ఒక్క కాలు చాపలేవా, ఎవరడుగుతున్నారు ఇది, ఎవరూ లేరు, ఎండ అంతే.

సిగ్గు పడింది కాళ్లకి కాదేమో, నాన్న, పెదబాబు అంటే వలస రైతుల క్యాంపంతా హడల్, గుంటూరు వైపు నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చి కాలవ కింద పొలం కొన్నవాడు, మొదటి ఎండాకాలం పొలానికి వెళ్తుంటే ఎవరో ఈ ఊరావిడ పిలిచి తనకి చిన్న ముంతలో అంబలి పోసింది, ఎంత చల్లగా ఉందో, తాగి మూతి తుడుచుకునేలోపల నాన్న రూపాయి తీసి ఆవిడ అరుగు మీద పెట్టాడు, మనం బయటినుంచి వచ్చినవాళ్లం అమ్మాయ్, ఇక్కడ నీళ్లు కూడా ఊరికే తాగకూడదు, మాట పడకూడదు, అన్నాడు దారిలో, అది గౌరవమనుకుంది ఇన్నేళ్లూ, మరి ఆవిడ ఆ రూపాయి వంక చూసిన చూపు, ఆ చూపు ఎందుకు పోదు కళ్లలోంచి, అరుగూ ముంతా మరుగున పడ్డాయి కానీ ఆ చూపు ఇంకా వెంట పరుగెత్తుతూనే ఉంది.

ఓ తాయీ, నిలబడు, అని కేక, కలలోంచా, కాదు, నిజంగానే, రోడ్డు వార గుడిసె ముందు ఒక ముసలావిడ, పక్కన నీళ్లబాన, చేతిలో చెంబు, ఒట్టి కాళ్లతో యాడినుంచి వస్తాండావమ్మా ఈ ఎండలో, ఇట్ల రాయి మీద కూసో, నీళ్లు పోస్తా, అంటూ చెయ్యి పట్టి కూర్చోబెట్టేసింది, ముందు తాగడానికి పోసింది, గొంతులోంచి కాలవ పారినట్టుంది, నా పేరు కొట్రమ్మ, పున్నానికి హులిగెమ్మ కాడికి నడిచిపోయేటోళ్లంతా ఈడ్నే కాళ్లు కడిగిచ్చుకొని పోతారు తాయీ, అంది, అప్పుడు వెలిగింది ఝాన్సీలక్ష్మికి, రేపు పున్నమి, పసుపు బట్టలు కట్టుకుని నుదుట కుంకుమ మెత్తుకుని చెప్పుల్లేకుండా అమ్మవారి దగ్గరికి నడిచే భక్తులు ఈ దారినే పోతారు, పసుపు బనీను, ఎర్ర నుదురు, ఒట్టి కాళ్లు, ఇంకేం కావాలి, పందెంలో ఓడిపోతున్న చర్చి మనిషి నిలువునా హులిగెమ్మ భక్తురాలై కూర్చుంది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఈలోపల కుడికాలు కొట్రమ్మ ఒళ్లో ఉంది, నీళ్లు జారుతున్నాయి, మడమ పగుళ్లలో ముసలి బొటనవేలు మెల్లగా తిరుగుతోంది, అమ్మ పోయాక ఈ కాలు ఎవరూ ముట్టుకోలేదు, ఎర్రనీళ్లు మట్టిలోకి ఇంకుతున్నాయి, నిద్రొస్తోంది, ఇలాగే ఉండిపోతే, నా కొడుకు దురుగప్ప, అంటోంది కొట్రమ్మ, లారీ మీద సముద్రం కాడికి రాయి మోస్తాండాడు, నెలలాయె ఇల్లు జూసి, దుడ్డు పంపిస్తాడు, మనిషి రాడు, అమ్మకి నా మాట ఒగటి చెప్పు తాయీ, వాన్ని ఇంటికి అంపమని, అంటూ మడమ మీద ఇంకో చెంబు పోసింది, ఇక ఊరుకుంటే అబద్ధం, ఇంత నమ్మకాన్ని దొంగతనంగా మోసుకుపోవడం, అవ్వా, నేను హులిగెమ్మ దగ్గరికి కాదు, చర్చి మనిషిని, ఇది పరుగు పందెం, అనేసింది ఝాన్సీలక్ష్మి ఒక్క ఊపిరిలో.

చెంబు ఆగింది, కొట్రమ్మ తలెత్తి చూసింది, బనీను చూసింది, నుదుటి దుమ్ము చూసింది, అయిపోయింది, ఇప్పుడు తోసేస్తుంది, ఏదైనా ఇచ్చేసి లేచిపోవాలి, ఏమివ్వాలి, ఈ బనీనుకి జేబైనా లేదు, నాన్న రూపాయి కూడా లేదు, అంతలో వెనక నిజంగానే జీపు చప్పుడు, గుండె కాదు ఈసారి, లే, లేచి ఉరుకు, ఇది దాటిపోతే రైలు లేదు, కొండలు లేవు, బేసిన్లన్నీ చర్చి గదిలో తుప్పు పడతాయి, లేవబోయింది, మోకాలి మీద కొట్రమ్మ చెయ్యి పడింది, యాడికి పోతావు, ఒగ కాలు కడిగి ఒగ కాలు ఇడిసిపెడ్తారా ఎవరన్నా, ఆ కాలు గూడా ఇట్ల పెట్టు, అంది, విసుగ్గానే అంది, అంట్లు సగంలో వదిలేసిన కోడల్ని కోప్పడ్డట్టు, జీపు చప్పుడు దగ్గరవుతోంది, ఝాన్సీలక్ష్మి రెండో కాలు చూసుకుంది, మురికిగా, పుండుగా, తనదే, ఎవరికీ చూపించని కాలు, మెల్లగా, ఎవరో లోపలినుంచి తాళం తీసినట్టు, చాపింది.

నీళ్లు పడగానే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు, జీపు దాటలేదు, ఇంజను ఆగింది, చక్రధర్ దిగి చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఏమప్పా దాటిపోవా అంటే, పున్నం దినాల్లో కాళ్లు కడిగే తావ దాటి బండి తోలితే మా అమ్మ నన్ను సంపుతాది అక్కా, కానియ్యి, అయినంకనే పోదాం, నువ్వు ముందర, నేను ఎనక, అన్నాడు అటు తిరిగి, కళ్లలో నీళ్లు చూడనట్టే, కొట్రమ్మ కొంగుతో రెండు కాళ్లూ తుడిచి ఇంగ పో అంది, దురుగప్ప మాట మా ప్రభువుకి చెప్తాను అవ్వా, అంది ఝాన్సీలక్ష్మి, చెప్పు తాయీ, ఎవరు అంపినా సరే, వాడు రావాల, అంది కొట్రమ్మ, అంతే, ఆ రాయి మీద పెట్టడానికి రూపాయి లేదు, పెట్టాలనీ అనిపించలేదు.

మళ్లీ రోడ్డు, మళ్లీ ఎండ, వెనక జీపు పెంపుడు దూడలా నింపాదిగా వస్తోంది, నాలుగడుగులకే కాళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి, పడనీ, చల్లదనం మాత్రం ఎముకల్లో ఉండిపోయింది, అదిగో కూరెకుప్ప వైపు ఫ్యాక్టరీ గొట్టాల పొగ, చర్చి వాళ్లు వేసిన షామియానా, పాస్టరమ్మగారు చేతులూపుతోంది, చేరిపోయినట్టే, రైలు ఎక్కినట్టే, ఇన్నాళ్లూ ఇవ్వడమొక్కటే ప్రేమ అనుకుంది, చాపని కాలు ఉన్న మనిషి ఎవరి కాళ్లు కడిగినా ఆ నీళ్లలో నాన్న రూపాయే ఉంటుంది, అందుకని కొండ ఎక్కిన మొదటి రోజు తను బేసిను ముట్టుకోదు, ఎవరింటి ముందైనా అరుగు మీద కూర్చుంటుంది, అమ్మా, చాలా దూరం నుంచి వచ్చాను, నా కాళ్ల మీద కాసిని నీళ్లు పొయ్యండి, అని అడుగుతుంది.