అయిదో రాయి

నా ఒంట్లోంచి డాక్టరు తీశాడని నా పెళ్ళాం చెంచమ్మ చెప్పిన రాయి నిన్నటిదాకా ఖాళీ మందుసీసాలో, మా ఇంటి గడప పక్క గూట్లో ఉండేది. ఈ రెండు నెలల్లో దాన్ని చూడనివాళ్ళు మా పల్లెలో లేరు. వల ఆరేసి వచ్చిన ప్రతివాడూ సీసా ఆడించి, "అబ్బో, ఇంత రాయి మోసినావా ముత్యాలన్నా!" అనేవాడు. మోశాననేవాణ్ణి. కాదంటే ఇంకో పది ప్రశ్నలు వేస్తారు, వాటికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

మొన్నటి ఏడు, పందొమ్మిదొందల అరవై రెండు వేసవిలో, నాకు ఒంటికి పోతే మూత్రంలో నెత్తురు పడింది. నొప్పి లేదు, మంట లేదు. ఎండలో వేట కదా, వేడి చేసిందనుకున్నాను. మావాళ్ళ లెక్కలో వేడి చెయ్యకుండా వచ్చే రోగమే లేదు. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను, నాలుగో రోజుకి ఆగింది. నెల తరవాత మళ్ళీ పడింది, మళ్ళీ తాగాను, మళ్ళీ ఆగింది. అది దానంతటదే వచ్చి దానంతటదే పోతుంటే నేను నా వైద్యం చూసి మురిసిపోయాను. అలా ఏడాది గడిచాక కుడి డొక్కలో గడ్డ చేతికి తగిలింది. అల్లూరు డాక్టరు నొక్కి చూసి, మారుమాట లేకుండా మద్రాసు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

అక్కడ నరంలోకి మందెక్కించి ఎక్స్‌రేలు తీశారు. నా పక్క మంచం మీద నాయుడుపేట బడిలో పనిచేసే గంగాధరం అయ్యవారు ఉండేవాడు. ఆయనకి నిజంగానే మూత్రపిండంలో రాయి. నొప్పి లేస్తే వార్డంతా దద్దరిల్లేలా అరిచేవాడు, తగ్గితే నాకు పాఠం చెప్పేవాడు.

"మూత్రపిండాలు రెండుంటాయి ముత్యాలయ్యా. నెత్తురు వడగట్టి చెడ్డనీళ్ళు బయటికి పంపడం వాటి పని. ఒకటి తీసేసినా, రెండోది బాగుంటే చాలు, ఒళ్ళు నడిచిపోతుంది."

"నాకూ రాయేనంట అయ్యవారా. డాక్టరు చెంచమ్మతో చెప్పినాడంట."

"నీకు నొప్పి ఉండిందా?"

"లేదు."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు నేను వదలకుండా అడిగితే, "రాయయితే ఎక్కువమందికి నాలాగే నొప్పి ఉంటుంది. నొప్పి లేకుండా నెత్తురు పడి, గడ్డ కూడా ఉంటే అనుమానించాల్సిందే. గడ్డల్లో మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. నేను డాక్టర్ని కాదు, నన్నడగొద్దు" అన్నాడు. చెడ్డగడ్డకి మా పల్లెలో రాచపుండు అని పేరు. ఆ పేరు పైకి అనడానికి కూడా మావాళ్ళకి భయం.

డొక్క కోసి, కుడి మూత్రపిండాన్ని గడ్డతో సహా తీసేశారు. మూడు వారాలకి ఇంటికొచ్చాం. గడప దాటగానే చెంచమ్మ ఈ సీసా చూపించి, "ఇదేనయ్యా నీ రాయి. డాక్టరు ఇచ్చినాడు" అంది.

నలభై ఏళ్ళు వలలకి బరువుగుండ్లు కట్టిన చెయ్యి నాది. పట్టి చూసే పని పడలేదు, కంటికే తెలిసిపోయింది. అది మా కూతురు మాలకొండమ్మ అచ్చనగాయల రాయి. మా ఒడ్డున ఇసక తప్ప రాయి దొరకదు. దాని చిన్నప్పుడు సంగం వెళ్ళి, పెన్నలో ఏరి అయిదు రాళ్ళు తెచ్చింది నేనే. పెళ్ళయి వెళ్ళిపోయినా దాని రాళ్ళు లోపలి గూట్లోనే ఉన్నాయి. వెళ్ళి చూశాను. నాలుగే ఉన్నాయి. నాది ఏ రోగమో అప్పుడు తెలిసింది.

చెంచమ్మని ఏమీ అనలేదు. మంచితనం వల్ల కాదు. కోత మానాక నెలకి మళ్ళీ రమ్మన్నారు, అయిదు వారాలు కరెంటు, అంటే మిషనుతో కిరణాలు, పెట్టాలన్నారు. కోసినచోట కంటికి కనబడనిది ఏదైనా మిగిలితే దాన్ని చంపడానికట. మా ఊరికే ఇంకా రాని కరెంటు నా ఒంటికి పెడతారట! ఆ వార్డు వాసన, ఆ మంచం మళ్ళీ నావల్ల కాదనిపించేది. భయం కూడా, దాచడమెందుకు? అందుకని ఆమె అబద్ధాన్నే ఆమెకు అడ్డం పెట్టాను.

"పోదాం పదయ్యా, గడువు దాటిపోయినాది" అనేది.

"రాయి తీసేసినారు గదా? రాయి లేనోడికి కరెంటెందుకుమే?"

ఆమె చేపల గంప ఎత్తుకుని వెళ్ళిపోయేది. అసలు మాట చెబితే నేను కుప్పకూలిపోతానని ఆమె భయం. ఎక్కడ చెప్పేస్తుందోనని నా భయం. చూస్తుండగానే ఆమె చిక్కి సగమైంది.

నిన్న మధ్యాహ్నం వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మద్రాసు నుంచి కార్డొచ్చినాది. ఇంకో రాయి ఉండాదంట. కరెంటు పెడితే పడిపోతాదంట."

"కార్డేది?"

"పొయ్యిలో పడిపోయినాది."

ఆమె కొంగున చిన్న ముడి కనిపించింది. లేచి వెళ్ళి లోపలి గూడు చూశాను. మూడే ఉన్నాయి.

ముందు ఒళ్ళు మండింది. ఆ వెనకే సిగ్గేసింది. నన్ను అయిదు వారాలు ఆసుపత్రి చుట్టూ తిప్పి, ఇంటికి తెచ్చుకుని, ఆ ముడి విప్పి, ఇదిగో నీ రెండో రాయి అని చూపించడానికి ఈ మనిషి ఇప్పటినుంచే సిద్ధపడి ఉంది. నేను తిరిగొస్తానని ఆమెకు ఉన్న నమ్మకం నాకు లేకపోయింది.

సీసాలో రాయి వంపుకుని, మూడు రాళ్ళతో కలిపి అరచేతిలో పట్టుకుని ఆమె ముందు చాపాను.

"ఆ ముడి ఇప్పు చెంచమ్మా. అయిదూ ఒకచోట ఉండనీ. మనవరాలు ఆడుకుంటాది."

నా చెయ్యి చూసింది, నా మొహం చూసింది.

"నీకెప్పుడు తెలిసినాది?"

"ఇంటికొచ్చిన దినమే."

"తెలిసే రెండు నెల్లు నన్ను ఇట్టా ఏడిపించినావా, పాపిష్టోడా!" అని గంపలోని గుడ్డ చుట్టకుదురు తీసి విసిరింది. అది నా ఎడమ భుజానికి తగిలింది. అంత కోపంలోనూ కోసినవైపు తగలకుండా చూసింది. తరవాత గోడకి ఆనుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కాసేపటికి ముక్కు చీది, "ఆ కరెంటు నొప్పా?" అంది.

"పెట్టేటప్పుడు తెలియదంట. వాంతులూ నీరసమూ ఉంటాయంట. అయ్యవారు చెప్పినాడు."

"నొప్పి లేకుండా వచ్చినాది, నొప్పి లేకుండానే పోతాదిలే."

"పోతాదని ఖాయం లేదు చెంచమ్మా."

"తెలుసు. డాక్టరు నాకు ఆ దినమే చెప్పినాడు" అని, కొంగుముడి విప్పి, అయిదో రాయి నా చేతిలో పెట్టింది.