కోత మిషనుకు గార్డు

ఫ్యాక్టరీ అంత శుభ్రంగా ఉండటం అక్క ఎన్నడూ చూడలేదు. నేల కడిగారు, కిటికీ అద్దాలు తుడిచారు. అట్టపెట్టెలు తయారుచేసే చోట అట్టముక్కలు కాళ్ళకు అడ్డం పడకపోతే ఎవరో పరాయివాళ్ళ ఇంట్లోకి వచ్చినట్టుంది. మొన్నటిదాకా "అక్కా, అక్కా" అని వెంటబడి తిరిగిన ఆడవాళ్ళంతా తలలు వంచుకుని పెట్టెలు మడుస్తున్నారు. ఒక్కరూ కళ్ళెత్తలేదు.

"రా తల్లీ, కూర్చో" అని ఫోర్‌మన్ తనే కుర్చీ లాగి వేశాడు. ఎన్నడూ గొంతు పెంచి ఎరగడు కాబట్టి అతనికి వెన్నపూస అని పేరు పెట్టారు. అరిచేవాడి దగ్గర ఎలాగో నెట్టుకురావచ్చు గానీ, ఇలాంటివాడి దగ్గరే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఇన్నేళ్ళలో అతను అక్కకు కుర్చీ వేయడం ఇదే మొదలు.

అక్క కుడిచేతికి ఇప్పుడు మిగిలినవి బొటనవేలు, చిటికెనవేలు. తక్కినవి కోత మిషను తీసుకుంది. నష్టపరిహారానికి అర్జీ పెట్టుకుంటే, తిప్పి తిప్పి చివరికి ఈ పూట లేబర్ ఆఫీసరు చూడటానికి వచ్చాడు. ఆ డబ్బు చేతికొస్తే ఇంటి ముందు చిన్న కొట్టు పెట్టుకుని, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతుకుతుంది. "చాపడానికి మాత్రం చెయ్యి సరిగ్గా ఉందా ఏమిటి" అని తనే నవ్వేది. రాకపోతే ఏమిటన్నది తలుచుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

"ఎలా జరిగిందో చూపించమ్మా" అన్నాడు ఆఫీసరు.

అక్క మిషను దగ్గరికి నడిచి, అక్కడే ఆగిపోయింది. బ్లేడుకు ముందు ఇనుప గార్డు బిగించి ఉంది. దాన్ని ఎత్తకుండా వేలు దూర్చడానికి కూడా సందు లేదు. పైన జిడ్డు పూశారు, మిషనుతోపాటే పుట్టినట్టు కనబడటానికి.

"ఇది అప్పుడు లేదు సార్. ఎప్పుడూ లేదు. కొత్తగా పెట్టారు."

"అయ్యో తల్లీ" అన్నాడు వెన్నపూస, నిజంగా బాధపడ్డవాడిలా. "పాపం, ఆ నొప్పిలో అన్నీ మర్చిపోయినట్టుంది. పక్కనే ఉన్న మనిషిని అడుగుదాం సార్."

ఆ పక్కనున్న మనిషి అక్క సొంత చెల్లెలే. ఆ రోజు పరుగెత్తి స్విచ్చి ఆపింది ఆమే, గుడ్డ చించి చేతికి కట్టిందీ ఆమే. తల్లి పోయాక అక్క కడుపులో పెట్టుకుని పెంచిన పిల్ల. అక్కకు ప్రాణం లేచివచ్చింది. ఎవరు అబద్ధమాడినా ఇది ఆడదనుకుంది.

చెల్లెలు నేలకేసి చూస్తూ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "గార్డు ఎప్పుడూ ఉంది సార్. పని తెమలడం లేదని ఆ రోజు అక్కే తీసేసింది."

అక్కకు చిత్రంగా కోపం రాలేదు, భయం వేసింది. ఆఫీసరు వాచీ చూసుకుని, "నిదానంగా ఆలోచించుకుని చెప్పమ్మా" అని టీ తాగడానికి ఆఫీసుగదిలోకి వెళ్ళాడు.

"ఏమిస్తామన్నారే నీకు?" అంది అక్క.

"నీ మిషను" అంది చెల్లెలు. "ఆపరేటరు జీతం అక్కా. మా ఆయన మంచాన పడ్డాడు, పిల్లలేమో... నన్నేం చెయ్యమంటావు?"

అప్పుడు చూసింది అక్క, వెన్నపూస జేబులోంచి తొంగిచూస్తున్న, బోల్టులు విప్పే పానాని.

"అదెందుకు?"

"ఆఫీసరు వెళ్ళాక గార్డు ఉంటుందా తల్లీ? ఒక్కో అట్టకీ ఎత్తాలి, దించాలి. సగం పని కూడా సాగదు. నీకు తెలియనిదేముంది?"

అక్క చెల్లెలి చేతులకేసి చూసింది. గోళ్ళకు ఎర్రరంగు. చిన్నకూతురు పూసినట్టుంది, వేళ్ళంతా పులిమేసింది. అక్క ఆ వేళ్ళమీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"గార్డు తియ్యనని మాటివ్వండి. నేనే తీశానని ఆయనతో చెప్పేస్తాను."

"అక్కా!"

"నువ్వు నోరు ముయ్యి."

"నీ చెల్లెలి మీద ఒట్టు తల్లీ" అన్నాడు వెన్నపూస మెత్తగా. తన పిల్లల మీద వేసుకోలేదని అక్కకు తట్టకపోలేదు. తట్టినా చేసేదేముంది?

ఆఫీసుగది గుమ్మంలో నిలబడి చెప్పేసింది. "తప్పు నీదైతే పరిహారం రాదు, తెలుసుగా?" అన్నాడు ఆఫీసరు. తెలుసంది. "ఆ మాటేదో ముందే చెప్పుంటే నాకీ తిరుగుడు తప్పేదిగా" అని విసుక్కుని కారెక్కాడు.

కొట్టు మాట దేవుడెరుగు, చెల్లెలి చేతులు దక్కాయి. అక్క ఆవరణ దాటుతుండగా మిషను మొదలైంది. దడ్. ఆగింది. గార్డు ఎత్తి, అట్ట తీసి, ఇంకోటి పెట్టి, దించేంత సేపు. మళ్ళీ దడ్. ఎంతైనా మాట మీద నిలబడ్డాడే అనుకుంది.

గేటు దాటాక చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. అక్క ఆగి చెవి ఒగ్గింది. కాసేపటికి మళ్ళీ అందుకుంది. దడ్ దడ్ దడ్ దడ్. మధ్యలో ఆగడమన్నదే లేదు.

వెనక్కి పరుగెత్తేసరికి వాచ్‌మన్ గేటు వేసేశాడు.

"ఇంక లోపల నీకేం పనమ్మా?"

"మా చెల్లెల్ని ఒక్కసారి పిలువన్నా, నీకు పుణ్యముంటుంది."

"పని టైములో ఎవర్నీ పిలవొద్దన్నారు."

అక్క ఎడమచేత్తో గేటు బాదింది. "చెయ్యి తియ్యవే! చెయ్యి తియ్యి!" అని గొంతు చించుకుని అరిచింది. ఆ చప్పుడులో బయటి కేక ఏదీ లోపలికి వినపడదని, ఇన్నేళ్ళు ఆ మిషను మీదే పనిచేసిన మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు.