తోడు బెంచీ మీద ఎర్ర చుక్కలు

మా బడి ఆవరణలో ఒక తోడు బెంచీ ఉండేది. చేసింది మా ఆయన ఓర్విల్. తోడులేని పిల్ల దాని మీద కూర్చుంటే మిగతావాళ్లు వచ్చి ఆటకు పిలవాలి, అదీ ఏర్పాటు. దానికి రంగు వేసిన రోజున ఊరంతా కాఫీలు పట్టుకుని వచ్చి మెచ్చుకున్నారు.

ఈ చలికాలం మా మనవరాలు బ్రిన్‌కి పొద్దున్నే కడుపునొప్పి. బడి పేరెత్తితే ఏడుపు. ఎవరే ఏడిపిస్తున్నది అంటే నోరు విప్పదు. ఇంకొందరు పిల్లలూ ఇలాగే బడి మానేస్తుంటే హెడ్మాస్టరమ్మ హాల్వర్సన్ అందర్నీ పిలిచింది. టీచర్లు, వంటామె, బస్సు డ్రైవరు, మాలాంటి ముసలాళ్లు కూడా వెళ్లాం. బడి, ఆవరణ, బస్సు గీసిన పటం గోడకు తగిలించి, పిల్లలకు తలా ఒక అంటించే ఎర్ర చుక్క ఇచ్చింది.

"మీకెక్కడ భయమేస్తుందో అక్కడ అంటించండి. పెద్దవాళ్లంతా అటు తిరగండి."

"నా బస్సు వెనక సీట్లకే ఫస్టు ప్రైజు, చూస్తుండండి," అన్నాడు డ్రైవరు డార్సీ.

"నీ పాటలకు జడిసేనా?" అంది వంటామె.

పిల్లలు అంటించాక ఇటు తిరిగి చూశాం. బస్సు మీద ఒకటి, మరుగుదొడ్ల దగ్గర రెండు. మిగిలినవన్నీ తోడు బెంచీ మీదే, పొక్కులు లేచినట్టు.

ఓర్విల్ టోపీ తీసి నలపసాగాడు.

"పొరపాటున అంటించారేమో," అన్నాను.

"కాదు నానమ్మా," అంది బ్రిన్. "అక్కడ కూర్చుంటే నేనెవరికీ అక్కర్లేదని బడంతటికీ తెలిసిపోతుంది. ఎవరూ పిలవరు. పిలవాల్సినవాళ్లే లాక్కొచ్చి కూర్చోబెట్టి 'బెంచీ పిల్ల' అంటారు."

"కిటికీలోంచి చూసి, తోడు దొరుకుతుందిలే అనుకునేదాన్ని," అంది వాళ్ల టీచరు.

"నాకైనా చెప్పొచ్చు కదే!" అన్నాను బ్రిన్‌తో.

"తాత చేశాడు కదా."

ఓర్విల్ టోపీ పెట్టుకున్నాడు. "డార్సీ, బస్సులో రెంచి ఉందా? బెంచీ బోల్టులు విప్పాలి."

"నేల గడ్డకట్టింది. మంచు కరిగాక చూద్దాం," అంది హెడ్మాస్టరమ్మ.

"ఇప్పుడే తీయాలమ్మా. ఏమే బ్రిన్, పొయ్యిలో పెట్టేద్దామా?"

అది తల అడ్డంగా ఊపింది. "బూట్లు విప్పే గదిలో వెయ్యి తాతా. అక్కడైతే అందరూ కూర్చోవాల్సిందే."

మర్నాడు పొద్దున బ్రిన్‌ని దించడానికి నేనూ వెళ్లాను. టీచర్లు, డార్సీ, బ్రిన్‌ని లాక్కెళ్లిన పిల్లలు, అందరూ ఆ బెంచీ మీద ఇరుక్కుని మంచు బూట్లు లాగి విప్పుకుంటున్నారు. మధ్యలో మా బ్రిన్.

"కాస్త జరుగు," అంది దానితో ఒక పిల్ల, మామూలుగా.

ఎన్నాళ్లకు పలకరించారో ఏమో, బ్రిన్ బూటు చేతిలో పట్టుకుని, నోరు తెరిచి నాకేసి చూసింది.