ఆరో ముఖం

నేను ఒక ముఖాన్ని. అట్ట మీద అచ్చయి, ప్లాస్టిక్ పూత పూయించుకున్న అరచేయంత ముఖాన్ని. నాతోపాటు పుట్టినవాళ్లు ఐదుగురు: సంతోషం, దుఃఖం, భయం, ఆశ్చర్యం, కోపం. ఆఖరివాణ్ణి నేను. నా వీపు మీద 'అసహ్యం' అని రాసి ఉంటుంది. కాబట్టి నా మాటల్లో మర్యాద వెతక్కండి. ముక్కు ముడుచుకునే పుట్టాను, ముక్కు ముడుచుకునే లోకాన్ని చూస్తున్నాను.

మమ్మల్ని చేయించింది మనస్తత్వ శాస్త్రం చదువుకున్న పెద్దలు. తప్పు చేసి పట్టుబడ్డ పిల్లలు ఎదుటివాళ్ల ముఖాలు సరిగ్గా చదవలేరని, ఏ ముఖం చూసినా కోపమే అనుకుని ముందుగా చెయ్యెత్తుతారని వాళ్ల అభిప్రాయం. తెల్లవాళ్ల బొమ్మలు మన పిల్లలకు పనికిరావని, సదాశివం అనే నాటకాల నటుణ్ణి ఫోటో స్టూడియోకి పిలిపించారు. ఐదు ముఖాలూ ఆయన అవలీలగా పెట్టాడు. నా దగ్గరికి వచ్చేసరికి తంటా వచ్చిపడింది. మూతి వంకర తిప్పాడు, నాలుక బయటపెట్టాడు, ఏదీ కుదరలేదు. విసిగిపోయి టీ తెప్పించారు. అప్పటిదాకా స్టూడియో మరుగుదొడ్డి కడుగుతున్న పోలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గ్లాసు అందించింది. సదాశివం ఆ చేతి వంక చూశాడు. ఫోటోగ్రాఫర్ టక్కున కెమెరా నొక్కాడు.

"అదీ! అద్భుతం సార్!" అన్నాడు.

అలా పుట్టాను. ఆ టీ ఎవరూ తాగలేదు. నా పుట్టుక తలచుకుంటే నాకే రోత.

చేతులు మారి మారి గోదావరి పక్క ఒక ఊళ్లో బాలుర పరిశీలన గృహానికి చేరాను. కేసు తేలేదాకా పిల్లల్ని ఉంచే చోటది. గృహమని పేరే గానీ, ఫినాయిలూ పులిసిన సాంబారూ కలిసిన కంపు. అక్కడి కౌన్సెలర్ హైమవతి నా యజమానురాలు. మంచి మనిషనే పేరుంది. ఆ ఇంట్లో పిల్లల్ని కొట్టకపోతే చాలు, ఆ పేరు వచ్చేస్తుంది. ఆమె బల్ల మీద ఒక స్టీలు గ్లాసు ఉండేది, అంచు మీద ఆమె పేరు చెక్కించినది. పిల్లల కుండ వరండాలో ఉండేది, దానికో ప్లాస్టిక్ చెంబు.

ఏసుబాబు అనే కుర్రాడు అక్కడికి వచ్చింది జగ్గు విసిరి. టిఫిన్ హోటల్లో బల్లలు తుడిచేవాడు. తడిగుడ్డ వాసనకి ఒక పెద్దమనిషి మొహం చిట్లించాడట. కొట్టబోతున్నాడనుకుని వీడు స్టీలు జగ్గుతో ఆయన నుదురు పగలగొట్టాడు. ఇక్కడికి వచ్చాక కూడా బుద్ధి మారలేదు. పప్పులో పురుగు చూసి పక్కవాడు మొహం అదోలా పెడితే, తననే చూశాడనుకుని వాడి పెదవి చిట్లగొట్టాడు. ఇంకొక్క గొడవ జరిగితే పిల్లల కేసులు విచారించే బోర్డు వాళ్లు ఇంటికి పంపరని సూపరింటెండెంట్ తెగేసి చెప్పాడు. గేటు దగ్గర వాళ్లమ్మ మరియమ్మ ఖాళీ ఎండుచేపల గంప పక్కన పెట్టుకుని ఏడ్చి వెళ్లింది.

అప్పుడు మమ్మల్ని బయటికి తీసింది హైమవతి. భయాన్ని చూపిస్తే కోపమన్నాడు. దుఃఖాన్ని చూపించినా కోపమే అన్నాడు. నన్ను చూసి కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఇది మా సెడ్డ కోపమండి. ఈడు కొట్టేత్తాడు."

"కాదు నాన్నా, ఇది అసహ్యం. కంపు కొడితే పెట్టే మొహం. ఇలా చూసేవాళ్లు నీమీదికి రారు. దూరం జరుగుతారు, అంతే."

వాడు నన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"అయితే ఓటల్లో ఆయన నన్ను కొట్టడానికి రాలేదాండి?"

"రాలేదు."

"మా అమ్మది ఎండుసేపల బేరమండి. అమ్మతో బస్సెక్కితే అందరూ ఇలాగే సూసేవోరండి. కొట్టేత్తారేమోనని అమ్మ కొంగట్టుకునేవోణ్ణి. ఎవరూ కొట్టేవోరు కాదండి." వేలితో నా ముడతల ముక్కు తడిమాడు. "కోపమే నయమండి. కొట్టడానికైనా ముట్టుకుంటారు."

మనస్సుల గురించి చదివిన ఆ మహాతల్లి తలూపి, 'భావాలు చెప్పుకోగలుగుతున్నాడు, మంచి మార్పు' అని రాసుకుంది. ఛీ!

రోజూ పాఠమే. వాడు నేర్చుకున్నాడు. భోజనాల దగ్గర మళ్లీ ఎవడో ముక్కు ముడిస్తే, వాడి పళ్లెంలోకి తొంగిచూసి, తన పళ్లెం పక్కకి జరుపుకుని తిన్నాడు. హైమవతి పొంగిపోయింది. బోర్డు ముందుకు వెళ్లే ముందు ఆఖరిసారి పరీక్ష పెట్టింది. ఆరింటికి ఆరూ సరిగ్గా చెప్పాడు.

"శభాష్!" అంది.

ఎండాకాలం. వాడికి గొంతు ఎండింది. సంతోషంలో మైమరచి, ఎదురుగా ఉన్న ఆమె గ్లాసు తీసుకున్నాడు. ఎత్తి పోసుకోలేదు, మూతి ఆనించి గటగటా తాగాడు.

ఆమె మొహం చూశాను. కనుబొమలు దగ్గరయ్యాయి, ముక్కు ముడతపడింది, పై పెదవి లేచింది. నటుడికి అంతసేపు పట్టింది, ఈమెకి రెప్పపాటు కూడా పట్టలేదు.

వాడూ చూశాడు. నేనింకా వాడి ఎడమ చేతిలోనే ఉన్నాను. ఆ చెయ్యి బిగుసుకుంది. నా నుదుటి మీద ఇప్పటికీ ఉన్న మడత అప్పటిదే. కుడిచేతిలో గ్లాసు, ఎదురుగా ఆమె నుదురు. విసిరేస్తాడనుకున్నాను. వాడు ఇంటికి, వాళ్లమ్మ దగ్గరికి వెళ్లడం ఆ గ్లాసు మీదే ఆధారపడి ఉంది. నా బతుకులో మొదటిసారి అసహ్యం కాక భయం కలిగింది.

వాడు గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"ఆరో నంబరండి," అన్నాడు. "సరిగ్గా సెప్పేనా అండి?"

ఆమె తలొంచుకుని కాగితాలు సర్దుకుంది.

వాణ్ణి ఇంటికి పంపారు. 'కోపాన్ని అదుపులో పెట్టుకోగలడు' అని ఆమే రాసింది. మరియమ్మ భుజం పట్టుకుని వాడు గేటు దాటాడు. వాళ్ల వంక చూసి వాచ్‌మన్ ముక్కుకి అడ్డంగా తువ్వాలు పెట్టుకున్నాడు. వాడు చూసి ఊరుకున్నాడు. నేర్పిన పాఠం ఒంటబట్టింది మరి.

హైమవతి ఆ గ్లాసుని చింతపండుతో తోమించింది. అయినా అందులో తాగలేకపోయింది. సిగ్గుపడిందని కూడా చెప్పాలి, రెండు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తరవాత గ్లాసునీ నన్నూ ఒకే సొరుగులో పడేసింది. కొత్తగా వచ్చే పిల్లలకి ఐదు ముఖాలే చూపిస్తోంది. ఆరోది పోయిందని చెబుతుంది.

నిన్న ఒక కొత్త పిల్లాడు దాహమన్నాడు. సొరుగు తెరుచుకుంది. ఆమె చెయ్యి గ్లాసు దాకా వచ్చి, ఆగి, వెనక్కి వెళ్లిపోయింది.

"వరండాలో కుండ ఉంది నాన్నా, వెళ్లి తాగిరా," అంది. చాలా మెత్తగానే అంది.