ఒక మనిషి తక్కువ

నేను ఒక ఆకుపచ్చ రేకు బోర్డును. బస్టాండు వెనక బోర్డుల షాపులో పుట్టి, యూనివర్సిటీ కెమిస్ట్రీ భవనం ఎదుట ఖాళీ జాగాలో ఇనుప కడ్డీ మీద నిలబడ్డాను. నా మీద తెల్లటి మనుషుల బొమ్మ, దాని వైపు నాలుగు బాణాలు, కింద 'అసెంబ్లీ పాయింట్' అన్న అక్షరాలు. ప్రమాదం జరిగితే భవనంలోని వాళ్లంతా వచ్చి నా దగ్గర నిలబడాలని అర్థం.

ఆ అర్థం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. "ఎమ్మెల్యేలొచ్చి ఈడ కూసుంటరారా?" అని ఒకడు నవ్వాడు. కడ్డీకి హెల్మెట్లు తగిలించారు. ఫ్రెషర్స్ పార్టీ పోస్టరు అంటించి నా ముఖం మూసేశారు. విభాగాధిపతి వసుంధర మేడమ్ దాన్ని తానే గోళ్లతో గీకి తీశారు. ఆవిడ ఫైర్ డ్రిల్ పెట్టినప్పుడల్లా పిల్లలు చాదస్తమని గొణుక్కుంటూ వచ్చి నిలబడేవారు.

ఒక వానాకాలపు మధ్యాహ్నం రెండో అంతస్తు ల్యాబ్‌లో మంటలు లేచాయి. సైరన్ మోగింది. పిల్లలు మెట్ల మీంచి పరుగున దిగి, కొందరు గేటు వైపు, కొందరు క్యాంటీన్ వైపు చెదిరిపోయారు.

"అటు గాదు! అందరు బోర్డు కాడికి రండి!" మేడమ్ గొంతు చించుకున్నారు. గుంపులు నా చుట్టూ చేరాయి. "మీతోని పనిచేసేటోళ్లు పక్కన ఉన్నరో లేరో చూసుకోండి!"

రీసెర్చ్ స్కాలర్ నవనీత చుట్టూ చూసింది. ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"మేడమ్, షాహిస్తా లేదు!"

నవనీత స్నేహితురాలు షాహిస్తాకు పుట్టుకతోనే వినపడదు. పై అంతస్తు చివర డార్క్ రూమ్‌లో తలుపు వేసుకుని పని చేస్తోంది. వెలుతురు పడకూడదని ఫోను బయటే పెట్టి వెళ్తుంది.

నవనీత భవనం వైపు ఉరికింది. మేడమ్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఇడిసిపెట్టండి మేడమ్, దానికి సైరన్ ఇనబడది!"

"నువ్వు గూడ పోతే ఇద్దర్ని ఎతకాలె. ఆగు!"

ఆవిడ పట్టు సడలించలేదు. పై కిటికీల్లోంచి నల్లటి పొగ వస్తోంది. అంతమంది మధ్య నిలబడి ఉన్నా, అడుగు కదపలేని నా పుట్టుక మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

ఫైరింజన్ ఆగీ ఆగకముందే నవనీత ఎదురు పరుగెత్తింది. "అన్నా, పై అంతస్తు, కుడిపక్క చివరి రూము! పిలిస్తె పలకది. తలుపు తీసి చెయ్యి పట్టుకొని తీస్కరండి!"

మాస్కులు వేసుకుని ఇద్దరు లోపలికి వెళ్లారు. నా కింద ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు.

చివరికి పొగలోంచి ముగ్గురు బయటికి వచ్చారు. మధ్యలో తడిగుడ్డ ముక్కుకు అదుముకుని షాహిస్తా.

"ముందే చెప్పబట్టి సీదా పోయినం," అన్నాడు వాళ్లలో ఒకడు మాస్కు తీస్తూ. "లేకుంటే ఒక్కో రూము ఎతుక్కుంట పోయేటోళ్లం. అప్పటిదాంక పొగ ఆగేది గాదు."

నవనీత ఆమె వీపు మీద రెండు దెబ్బలు వేసి, అంతలోనే కావలించుకుని ఏడ్చింది. షాహిస్తా దగ్గుతూ విడిపించుకుని, చుట్టూ ఉన్న ముఖాలన్నీ కలయజూసింది. మసి అంటిన వేళ్లతో గబగబా సైగ చేసింది.

అందరూ వచ్చారా?

నవనీత కళ్లు తుడుచుకుని, వేళ్లతోనే జవాబు చెప్పింది.

ఇప్పుడు వచ్చారు.