కంకి నాణెం ఆఖరి ఏడాది

నాణేలకు గ్రేడు ఇచ్చే ఆఫీసులో లేబుళ్లు రాసేది నేను. నాణెం ఎంత బాగుందో మా పెద్దాయన తేలుస్తాడు. అది ఏ బొమ్మ సిరీస్‌దో, ఏ ఏడాదిదో అచ్చువేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించడం నా పని. పంతొమ్మిదేళ్లలో ఒక్క తప్పూ దొర్లలేదని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాను.

ఆ శుక్రవారం ఒక నర్సు నేను బిగించిన పెట్టె ఒకటి పట్టుకొచ్చింది. లేబుల్ మీద ‘పడవ సిరీస్, మొదటి ఏడాది’ అని ఉంది. లోపలున్నది కంకి నాణెమంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పడవ నాణేలు మొదలైంది ఆ ఏడాదే కదా, అంకె కనబడటంలేదా అన్నాను.

“అంకె కాదు మేడమ్, బొమ్మ చూడండి,” అంది.

చూశాను. కంకే. ఆ ఏడాది కొన్నాళ్లు కంకి వేసి, తర్వాత పడవకు మారారు. రెండింటి మీదా ఒకే అంకె. నేను ఏడాది కొట్టగానే కంప్యూటర్ పడవ అంది, నేను సరే అన్నాను. నాణెం వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. నా పంతొమ్మిదేళ్ల గొప్పంతా మంటగలిసింది.

ఆమె నాన్న గడియారాలు బాగుచేస్తాడట. కంకి సిరీస్ ఏడాదికొకటి చొప్పున కూడబెట్టాడు, ఈ ఆఖరిది తప్ప. ఆ ఏడాదే ఈమె నెలలు నిండకుండా పుట్టి ఆయన్ని ఆసుపత్రి చుట్టూ తిప్పిందట. తర్వాతైనా ఎందుకో కొనలేదు, ఆల్బమ్‌లో ఆ పేజీ ఎవరినీ తిప్పనివ్వలేదు. “ఆ ఖాళీ నా వల్లే,” అంది. మర్నాడు నాణేల ప్రదర్శన. సెట్టు పూర్తయిందని అక్కడి నిర్ణేత ఒప్పుకోవాలంటే లేబుల్ మీద కంకి అని ఉండి తీరాలి.

పెట్టె పగలగొట్టక తప్పదు. నాణెం మీద గీత పడితే గ్రేడు పోతుంది. పట్టకారుతో అంచు నొక్కుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. పెట్టె టక్కున విడిపోయింది. పెద్దాయన భూతద్దంతో రెండుసార్లు చూసి, అదే గ్రేడన్నాడు. ‘కంకి సిరీస్, ఆఖరి ఏడాది’ అని అచ్చువేసి కొత్త పెట్టెలో బిగించాను. తప్పు లేబుల్‌ని, నా పొగరుకు మందుగా ఉంటుందని, సంచీలో వేసుకున్నాను.

మర్నాడు ఉండబట్టలేక ప్రదర్శనకు వెళ్లాను. కూతురు కొత్త పెట్టె చేతిలో పెడితే ఆయన అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయాడు. నిర్ణేత అడిగాక ఆల్బమ్ ఆఖరి పేజీ తిప్పాడు. అక్కడ ఖాళీ లేదు. నాణెమంత గుండ్రంగా కత్తిరించిన పసిపాప ఫోటో ఉంది.

“ఇన్నాళ్లూ ఇక్కడ ఖాళీ ఉందనుకున్నాను నాన్నా,” అంది నర్సు.

“ఖాళీ ఎక్కడుందే పిచ్చిదానా?” అన్నాడాయన. “ఇంకోటి పెడితే నిన్ను తీసెయ్యాలి కదా.”

నిర్ణేత నవ్వుతూ పెట్టెను ఆల్బమ్ పక్కన పెట్టించి, పూర్తి అని ముద్ర కొట్టాడు. గడియారాలాయన నా లేబుల్ చదివాడు.

“ఆఖరి ఏడాదని రాశారు. కంకికి ఆఖరిదేలెండి. నాకు మాత్రం మొదటిదమ్మా.”

నేను సంచీలోంచి తప్పు లేబుల్ తీసిచ్చాను. ఆయన జేబులోని చిన్న కత్తెరతో పడవ సిరీస్ అన్న ముక్క కోసేసి, ‘మొదటి ఏడాది’ని ఫోటో కింద దోపాడు. అది సరిగ్గా పట్టింది.