వీరాస్వామి కోటు

ఆషాఢమాసము. గౌతమీప్రవాహము గైరికవర్ణమును దాల్చి తీరతరుమూలములను ఒరయుచు పొంగుచుండ నీలమేఘమాలికావృతమైన నభోమండలమునుండి జాలువారు సన్నని తుంపర యెడతెగక కురియుచు అపరాహ్ణమునందే సంధ్యాభ్రాంతిని గొల్పుచుండెను. ఆ నదిమధ్యమందలి లంకగ్రామమున చీకటిపడిన పిమ్మట పడవ నడువదు. కావున ఆవలియొడ్డువారి సౌకర్యార్థము నాటకములను పట్టపగలే పఠనమందిరపు తలుపులు మూసి పెట్రోమాక్సు దీపములు వెలిగించి యాడుట యచ్చటి యాచారము.

నాటి ప్రదర్శనము తపాలా గుమాస్తా పేర్రాజు స్వయముగా రచించిన ప్రహసనము. సంతలో భార్య గొడుగును పోగొట్టిన భర్త యింటిగుమ్మమున నిలిచి తలుపు తీయుమని ముమ్మారు వేడుచు మూడు కల్లలు పలుకుటయే యందలి కథ. ఉత్తరములకు ముద్రలు గొట్టువానికి నాటకములేల యని యూరెల్ల నెగతాళి చేయగా నవ్విన నాపచేనే పండునని యతడు మూడునెలలు పట్టువదలక సాధన చేయించెను. ఆరంభశూరులకు కొదవలేని మన సీమలో నిది మెచ్చదగిన విషయమే.

ముందువరుసలో సత్యవతి కూర్చుండియుండెను. పండ్రెండేండ్ల క్రిందట వరదనాడు ఆమె భర్తయైన పడవవాడు వీరాస్వామి తన కోటును విప్పి ఆ మందిరపు వెనుకగదిలోని మేకునకు తగిలించి, కొట్టుకొనిపోవుచున్న పడవను పట్టబోయి నీటిపాలయ్యెను. శవము దొరకలేదు. ఆ కోటును నాటినుండి యెవ్వరును తాకలేదు. సత్యవతి బొట్టు తీయలేదు. ఏ రాత్రియు తలుపు గడియ వేయలేదు. శాస్త్రోక్తమైన గడువు తీరుటచే మరునాటి యుదయమున దర్భబొమ్మకు దహనసంస్కారము జరుపుటకు పెద్దలు నిశ్చయించిరి గాని "ఆయన పోయాడని మీకెవరు చెప్పారు?" అని యామె సమ్మతింపలేదు. ఆమె మనస్సును గడియసేపైన మరలింపవలెనని పేర్రాజే బ్రతిమాలి పిలుచుకొని వచ్చెను.

భర్తపాత్రధారి ఆవలియొడ్డు దర్జీ గవర్రాజు. ఇంటింట నడిగి తెచ్చిన వేషపుబట్టలన్నింటిని వెనుకగది మేకులకు తగిలించుట యా నాటకసమాజమువారి యలవాటు. తొందరలో గవర్రాజు చేతికందిన కోటును తొడిగికొని రంగమునకు నడచెను. అది యెవరిదో యతడెఱుగడు. ఎఱిగిన పేర్రాజు తెరచాటున వ్రాతప్రతి పట్టుకొని మాటలందించు పనిలో మునిగి తలయెత్తి చూడలేదు.

మొదటి కల్లకు వెనుకవరుసలు నవ్వెను గాని ముందువరుసలు కదలలేదు. కోటు సంగతి చెవినుండి చెవికి ప్రాకెను. రెండవ కల్లకు సభయంతయు నిశ్శబ్దము. గొడుగును గద్ద తన్నుకొనిపోయినదను మూడవ కల్లకైన నవ్వుదురని ఆశపడి పేర్రాజు ఆ మాట నందించెను.

గవర్రాజు గుడ్డతలుపునకు వీపుచూపి సభవైపు తిరిగెను. దీపముల బుసబుసలు నెమ్మదించెను. ఎక్కడినుండియో తడిసిన పడవచెక్కల వాసన వచ్చెను.

"నీళ్లు శానా చల్లగా ఉన్నాయే సత్తెం," అనెను. ఆ గొంతు గవర్రాజుది కాదు. "ఇంక నాకోసం తలుపు తీసుంచకు. గడియేసుకుని పడుకో."

ఆమెను సత్తెమని పిలిచినవాడు లోకమున నొక్కడే. సత్యవతి లేచి నిలిచెను.

"ఇన్నేళ్లకా చెప్పడం?" అని యామె మొట్టమొదట కోపపడెను. పిదప కన్నీరు తుడుచుకొని "సరే. వెళ్లండి" అనెను. పోవువారిని వెళ్లిరమ్మనుటయే గాని వెళ్లుమనుట మనలో లేదు. ఆమె రమ్మనలేదు.

తెర దించిరి. గవర్రాజు చిన్నబోయిన మొగముతో లోనికి వచ్చి "గద్ద మాట అంత బాగా చెప్పాను గదండీ, ఒక్కరూ నవ్వలేదేమండీ?" అని యడిగెను. పేర్రాజు అతని భుజములనుండి కోటును తీసెను. పండ్రెండేండ్లు మేకున నెండిన యా కోటు అంచులనుండి యెఱ్ఱని వరదనీరు బొట్లుబొట్లుగా నేలపై రాలుచుండెను.

సత్యవతి గుమ్మముకడ నిలిచి చేయి చాచెను. "ఇలా ఇవ్వండి, గుమాస్తాగారూ. రేపు పొద్దున్న బొమ్మకి ఇది తొడగాలి."

ఆవలియొడ్డువారిని కడపటి పడవ యెక్కించి పేర్రాజు ఆమె వీధివెంట ఇంటికి మరలెను. ఊరిని నవ్వింపలేకపోయితినను విచార మతనికిప్పుడు లేదు. భయము మాత్రము కలదు, దానివెనుక చెప్పరాని జాలియు కలదు. తుంపర నిలిచిపోయినది. సత్యవతి యింటిముందు అతని యడుగులు వానియంతట నవియే ఆగిపోయెను. లోపల దీపము కదలెను. తుప్పుపట్టిన గడియ మొదట మొరాయించి, కిఱ్ఱుమని, మెల్లగా పడెను.